ఎముక తడా, పొడా?

ఒక పెద్ద అడవిలో చెత్త ఉండేది కాదు. ఊడ్చేవాళ్ళు లేరు, ఎత్తేవాళ్ళు లేరు, అయినా ఉండేది కాదు. పెద్దపులి తిని వదిలేసినదాన్ని దుమ్ములగొండి తినేది. కోతులు కొరికి పారేసిన పళ్ళు అడవిపందులు తినేవి. పేడను పేడపురుగులు ఉండలు చేసి దొర్లించుకుపోయేవి. దీన్ని ఎవరూ పని అనుకోలేదు. తిండి అనుకున్నారు.

ఆ అడవి సభకు కార్యదర్శి జంబుకేశ్వర్రావు అనే నక్క. ఒకసారి పట్నానికి పది రోజుల శిక్షణకు వెళ్ళాడు. అందులో ఎనిమిది రోజులు ఒక హోటలు వెనక గోడ దగ్గరే గడిపాడు. తిరిగి వస్తూ రెండు బుట్టలు తెచ్చాడు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది.

సభకు అధ్యక్షుడు కరిబసయ్య అనే ఏనుగు. మంచివాడే. ఊరికే నిలబడ్డా ఆయన తల ఊగుతూ ఉంటుంది. దాన్ని సభవాళ్ళు ఆమోదం కింద రాసుకుంటారు.

"మన అడవిలో చెత్త నిర్వహణ లేదండీ," అన్నాడు జంబుకేశ్వర్రావు.

"అసలు చెత్త ఉందా?" అన్నాడు కరిబసయ్య.

"నిర్వహణ లేకపోతే ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?"

కరిబసయ్య తల ఊగింది. తీర్మానం పాసైంది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ప్రతి గుహకూ, ప్రతి పొదకూ రెండు బుట్టలు. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో వెయ్యాలి. తిన్నాక మిగిలినదేదైనా ఇకమీదట చెత్తే. చెత్త సభ సొత్తు. సభ బండి తప్ప ఇంకెవరు ముట్టుకున్నా నేరం. కార్యదర్శి వాటా మాత్రం పెద్దపులి తినకముందే తీసి పంపాలని ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మిగలకముందే తీసింది కాబట్టి అది చెత్త కాదు.

బండి మీద కొమ్మయ్య అనే కోతిని వేశారు. పొద్దున్నే ఈల ఊదుకుంటూ వచ్చేవాడు. మొదటి వారం అందరికీ సరదాగానే ఉంది. కుందేళ్ళయితే ఎక్కడెక్కడివో ఎండుటాకులు ఏరుకొచ్చి మరీ నీలం బుట్ట నింపాయి.

చిక్కు పెద్దపులి గుహ దగ్గర వచ్చింది. కణుజును తిన్నాక మిగిలిన ఎముకల్ని పులి ఆకుపచ్చ బుట్టలో వేసింది. కొమ్మయ్య తొంగి చూశాడు.

"ఎముక గట్టిగా ఉంది దొరా. ఇది పొడి. నీలంలో వెయ్యండి."

మర్నాడు నీలంలో వేసింది. కొమ్మయ్య మళ్ళీ తొంగి చూశాడు.

"మాంసం అంటుకుని ఉంది దొరా. ఇది తడి. నేను ఎక్కించుకోను."

"చంపమంటే చంపుతాను గానీ, ఈ విడదీయడాలు నావల్ల కాదు," అంది పెద్దపులి. ఎముకల్ని బుట్టల పక్కన నేల మీద పోసి పడుకుంది.

ఆ వేళకి గొండమ్మ వచ్చింది. గొండమ్మ దుమ్ములగొండి. వాళ్ళ అమ్మా, అమ్మమ్మా అందరూ ఆ గుహ ముందు ఎముకలు కొరికి బతికినవాళ్ళే. వెంట రెండు పిల్లలు, అప్పుడప్పుడే పాలు మానినవి.

"ముట్టుకోకు గొండమ్మా," అన్నాడు కొమ్మయ్య. "అవి తడో పొడో ఇంకా తేలలేదు."

"ఎముకలు కదయ్యా అవి."

"ఎముకలని నాకూ కనబడుతోంది. ఏ చెత్తో తేలలేదు."

గొండమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని సభ ఆఫీసుకు వెళ్ళింది. జంబుకేశ్వర్రావు అప్పుడే తన వాటా కాలేయం తిని మూతి తుడుచుకుంటున్నాడు.

"అయ్యా, వాటిని నేను తినేస్తే తడీ ఉండదు, పొడీ ఉండదు. మీకూ గొడవ వదులుతుంది," అంది గొండమ్మ.

"అదెట్లా కుదురుతుంది? తడీ పొడీ నీ ఒక్క కడుపులోకే పోతే రెండూ కలిపినట్టే గదా. కలపకూడదనేగా ఈ పథకమంతా."

"మరి నా పిల్లలు ఏం తినాలి?"

"ఉపసంఘం వేశాం. ఓపిక పట్టు."

ఉపసంఘంలో ఇద్దరు. తడి విషయాల నిపుణుడిగా కొంగ, పొడి విషయాల నిపుణుడిగా ఉడుము. ఎముక లోపల మూలుగ ఉంటుంది కాబట్టి తడి అంది కొంగ. మూడు రోజులు ఎండలో పెడితే పొడి అవుతుంది కాబట్టి పొడి అంది ఉడుము. ఎండలో పెట్టి చూద్దామని చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పటికి శ్రావణం వచ్చింది. ముసురు పట్టింది. ఎండ వచ్చాక పరిశీలన జరుగుతుందని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ముసురుకు కుందేళ్ళ ఎండుటాకులూ తడిశాయి. పొడి బుట్టలో తడి ఉందని కొమ్మయ్య వాటినీ వదిలేశాడు. ఎక్కించుకున్న కాస్త చెత్తా ఏమవుతోందో చూద్దామని గొండమ్మ ఒకరోజు బండి వెనకాలే నడిచింది. వాగు పక్కన ఒక పెద్ద గుంట ఉంది. కొమ్మయ్య ఆకుపచ్చ బుట్టా, నీలం బుట్టా రెండూ అందులోనే బోర్లించాడు.

"రెండూ ఒకే గుంటలో పోస్తున్నావేం?"

"ఇళ్ళ దగ్గర విడదీయాలని రాశారు గొండమ్మా. గుంట దగ్గర సంగతి రాయలేదు. పైగా బండి ఒకటే కదా."

పులి గుహ ముందు కుప్ప పెరుగుతూనే ఉంది. ఆ కుప్ప సంగతి చూడటానికి సభ ఒక పోస్టు వేసింది. గొండమ్మ అడిగింది. ఇవ్వలేదు. పొట్టలో నాలుగు గదులున్నాయి, దేనికది విడిగా ఉంచుతాడని అడవిదున్నకు ఇచ్చారు. అడవిదున్న ఎముకలు తినడు. రోజూ వచ్చి, కుప్పను కాసేపు చూసి, గడ్డి మేసి వెళ్ళేవాడు.

గొండమ్మ చిన్నపిల్ల ఒకరోజు లేవలేదు. నాకినా లేవలేదు. కళ్ళు మాత్రం తెరిచి తల్లినే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక గొండమ్మ పట్టపగలే నడిచి వెళ్ళి కుప్పలోంచి ఒక తొడ ఎముక తీసింది. పదడుగులు వేసిందో లేదో కొమ్మయ్య ఈల ఊదాడు.

విచారణ ఎంతోసేపు జరగలేదు. సభ సొత్తు దొంగిలించినందుకూ, తేలని చెత్తను తేలకముందే కదిలించినందుకూ గొండమ్మను అడవినుంచి వెళ్ళిపొమ్మన్నారు. కరిబసయ్య తల ఊగింది. నిజానికి ఆయన ఆ పూట వద్దని చెబుదామనే అనుకున్నాడు, కానీ ఎవరూ అడగలేదు. ఎముకను తిరిగి కుప్పలో పెట్టించారు.

ఆ తర్వాత కుప్ప కంపు కొట్టడం మొదలైంది. ఈగలు ముసిరాయి. గుంట పొంగి వాగులో కలిసి, కరిబసయ్యకు నాలుగు రోజులు కడుపు చెడింది. ఆ కంపు పులి ఒంటికి కూడా పట్టింది. అది ఎంత మెల్లగా నడిచినా దుప్పులకు అరకోసు దూరంలోనే తెలిసిపోయేది. వరసగా పదకొండు వేటలు తప్పాయి. పన్నెండోసారి తప్పాక పెద్దపులి ఎవరితోనూ చెప్పకుండా లేచి పొలిమేర వైపు నడిచింది.

పొలిమేర రాళ్ళ దగ్గర గొండమ్మ, పక్కన ఇద్దరు పిల్లలు పడుకుని ఉన్నారు. చిన్నదానికి ఇంకా ఊపిరి ఆడుతోంది. తల్లి బురదలో కప్పల్ని ఏరి పెట్టి నిలబెట్టుకొచ్చింది.

"ఇక్కడున్నావేం గొండమ్మా?" అంది పులి.

"వెళ్ళగొట్టారు దొరా."

"నన్నెవరూ వెళ్ళగొట్టలేదు, నేనే పోతున్నాను. రా."

గొండమ్మ చిన్నదాన్ని నోట కరుచుకుని, పెద్దదాన్ని వెంటబెట్టుకుని, అలవాటు ప్రకారం పులికి నలభై అడుగుల దూరంలో వెనకే నడిచింది. మూడో రోజు అవతలి అడవి వాగులో పులి ఒళ్ళంతా కడుక్కుని వేటకు వెళ్ళింది. ఆ సాయంత్రం చిన్నపిల్ల తనంతట తాను ఒక పక్కటెముకను పటుక్కున విరిచింది. గొండమ్మ ఆ చప్పుడు విని, తిండి సంగతి మరిచిపోయి ఏడ్చింది.

ఇవతల పులి వెళ్ళిపోయాక కొత్త ఎముకలు రావడం ఆగిపోయింది. చెత్త పుట్టుకను పూర్తిగా అరికట్టామని జంబుకేశ్వర్రావు నివేదిక రాశాడు. సభ ఆయనకు చామంతుల దండ వేసింది. కాలేయం రావడం కూడా ఆగిపోయిందని ఆయనకు ఇంటికెళ్ళాక గానీ తట్టలేదు. ఎలుకలు పట్టడం మరిచిపోయి చాన్నాళ్ళయింది. రెండు వారాలకు పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాడు. పదిహేనో రోజు చామంతుల్ని తిన్నాడు.

పదహారో రోజు కుప్ప దగ్గరికి వచ్చాడు. ముసురు పోయి ఎండ కాస్తోంది. అటూ ఇటూ చూసి ఒక ఎముక అందుకోబోయాడు.

"ముట్టుకోకండయ్యా," అన్నాడు కొమ్మయ్య, ఈల నోట పెట్టుకోబోతూ. "ఉపసంఘం పొద్దున్నే తేల్చేసింది. బాగా ఎండాయి కాబట్టి ఇవి పొడి."

"తేలింది కదా. మరి ఒక్కటి తీసుకోనీ."

"తమరు నోట్లో పెట్టుకుంటే తడిసిపోతాయి కదండీ."

నీతి: పని దానంతటది జరిగిపోతున్న చోట వెంటనే ఒక శాఖ తెరవాలి, లేకపోతే చేయడానికి పనే మిగలదు.