కోటిరత్నం నోట మంచిమాట

"సెర్చి అటండీ!" అన్నాడు గుమాస్తా గురునాథం, టెలిఫోను రిసీవరుకి అరచెయ్యి అడ్డంపెట్టి.

మిల్లు యజమాని యలమందయ్య గారి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పొద్దుగూకేలోపు సరుకు కొనే వెంకటనారాయణ లారీకి దూది బేళ్ళు ఎత్తించడం, ఇంటికెళ్ళి గోంగూర కలుపుకుని అన్నం తినడం, పడుకోవడం. అందులో సెర్చి లేదు.

"సెర్చేంట్రా? పోయినేడే కదా సేల్స్ టాక్సు వాళ్ళు చేసి పోయారు!"

"లైన్లో ఒకటే గరగరండీ. యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నానన్నాడు. 'రీ' అని కూడా ఏదో అన్నాడు. రీ సెర్చి."

"రీ సెర్చి అంటే మొదటిసారి దొరకంది రెండోసారి వెతుకుతారన్నమాట! యూనివర్సిటీ వాళ్ళకి కూడా ఇచ్చారా ఈ అధికారం?"

"మీ పనివాళ్ళు మాట్లాడుకునేది వింటానన్నాడండీ. ఇంకో గంటలో దిగుతాట్ట."

వినడం అనేసరికి యలమందయ్య గారికి చెమట పట్టింది. గోడలకి చెవులుంటే ఆయనకి భయం లేదు. ఆయన మిల్లులో గోడలకి ఎప్పుడో చెవుడొచ్చింది. కారణం కోటిరత్నం.

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు మీద ఉంది ఆ జిన్నింగు మిల్లు. పత్తి నుంచి గింజల్ని వేరుచేసే చోటు కాబట్టి అక్కడ యంత్రాలు, మనుషులు అందరూ గింజుకుంటూనే ఉంటారు. ఆ మోతలో పక్కనున్నవాడి తుమ్ము కూడా వినపడదు. వినపడేది ఒక్కటే, ఆడకూలీల మేస్త్రీ కోటిరత్నం గొంతు. ఆ గొంతుతోనే ఆవిడ మిల్లు నడుపుతుంది. మొగుడు పోయాక ఆ గొంతుతోనే ఇద్దరాడపిల్లల్ని హైస్కూలు దాకా తెచ్చింది.

ఆవిడ మాటలు బయటివాళ్ళకి తిట్లు, మిల్లులో వాళ్ళకి పనిముట్లు. "ఏమేవ్, పెళ్ళివారికి వడ్డిస్తున్నావా?" అంటే యంత్రంలో పత్తి ఎక్కువ పోస్తున్నావు, తగ్గించు అని. "సవతి బిడ్డకి పెడుతున్నావటే?" అంటే తక్కువైంది, పెంచు అని. "నీ కళ్ళు కాకులెత్తుకుపోనూ!" అంటే పత్తిలో రాయి వచ్చింది, చూసుకో అని. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. సైకిలు బెల్లు మోగితే ఎవరైనా నొచ్చుకుంటారా?

వీటన్నిటికీ పైన ఇంకొకటుంది. "నీ ఇల్లు బంగారం గానూ!" అంటే మోటారు ఆపమని. ఆవిడ నోటి నుంచి మంచిమాట వచ్చిందంటే కొంప మునిగిందన్నమాటే. ఆ మాట చెవిన పడగానే మోటారు దగ్గరుండే బుల్లయ్య కళ్ళు మూసుకుని మీట లాగేస్తాడు. తర్వాతే కళ్ళు తెరిచి ఏమైందని అడుగుతాడు.

పోయినేడు సెర్చికొచ్చిన ఆఫీసరు గారిని కొత్త కూలీ అనుకుని, "ఏం గుడ్లప్పగించి చూస్తున్నావు, ఎత్తు బుట్ట!" అంది కోటిరత్నం. ఆయన భయపడి బుట్ట ఎత్తాడు. తర్వాత తేరుకుని మిల్లు మొత్తం తలకెత్తుకున్నాడు. అది గుర్తొచ్చి యలమందయ్య గారు గాడిపొయ్యి మీద గింజలా ఎగిరి బయటికొచ్చారు.

"కోటిరత్నం! ఇవాళొకాయన వస్తున్నాడు. నీ నోటెంట ఒక్క తిట్టు వినపడిందా, రేపట్నుంచి మిల్లుకి రానక్కర్లేదు. ఇది నా చివరి మాట!"

"తిట్టెందుకు వస్తదండీ, నేనేమన్నా తిట్టేదాన్నా?" అంది కోటిరత్నం నిజాయితీగా. పక్కనే యంత్రంలో పత్తి పోసే ఎలీసమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

గంట తర్వాత బస్సు దిగినవాడు ఆఫీసరులా లేడు. పేరు త్యాగరాజు. పురోహితుల ఇంటి పిల్లవాడు, కాలేజీలో పాఠాలు చెబుతాడు. యంత్రాల మధ్య పనిచేసేవాళ్ళు ఒకరికొకరు పని ఎలా చెప్పుకుంటారు, ఏ మాట ఏ పని చేయిస్తుంది అన్నది అతని పరిశోధన. లెక్కలతో కాదు, ప్రశ్నాపత్రాలతో కాదు. వెళ్ళి కూర్చోవాలి, చూడాలి, వినాలి. "గోడమీద బల్లిలా ఉండు. కానీ పలకకు. నువ్వేం వినాలనుకుంటున్నావో చెప్పేశావా, వాళ్ళు సరిగ్గా అదే వినిపిస్తారు" అని పంపారు ప్రొఫెసరు గారు.

అందుకని త్యాగరాజు సంగతి పైపైనే చెప్పి ఊరుకున్నాడు. "సెర్చి కాదండీ, రీసెర్చి. చదువుకి సంబంధించింది. మీవాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటే చాలు, దీంట్లో రికార్డు చేసుకుంటాను" అని సంచిలోంచి ఇటుకంత టేప్ రికార్డరు, దాని మైకు తీసి బల్లమీద పెట్టాడు.

యలమందయ్య గారి గుండె మీంచి సెర్చి దిగింది. ఆ ఖాళీలోకి వెంటనే ఇంకోటి ఎక్కింది.

"ఒరేయ్ గురునాథం! సెర్చి కాదురా, రేడియో! మైకు చూశావా? మన మిల్లు రేడియోలో వస్తుందిరా!"

"ఆయన చదువన్నాడు కదండీ?"

"రేడియోలో చదవరట్రా వార్తలు?"

 పావుగంటలో ఆ కబురు మిల్లంతా పాకింది. రేడియో కోసం ఎలీసమ్మ కొప్పులో కనకాంబరాలు పెట్టుకుంది. రేడియో కోసం గురునాథం గడ్డం గీయించుకొచ్చాడు. యలమందయ్య గారు ఇంటికి మనిషిని పంపి జరీ అంచు కండువా తెప్పించుకున్నారు. అది వచ్చేలోపు కోటిరత్నాన్ని పక్కకి పిలిచారు.

"ఇందాక చెప్పింది ఆఫీసరుకి. ఇప్పుడు జిల్లాలన్నీ వింటాయి. మా వియ్యాలవారు కూడా వింటారు. తిట్టు కాదు కదా, 'ఏమే' అన్నా ఉద్యోగం ఉండదు. వార్తలు చదివే ఆవిడలా మాట్లాడు."

త్యాగరాజు మూలనున్న పత్తి బోరెం మీద కూర్చుని మీట నొక్కాడు. ఏకులా వచ్చి మేకులా కూర్చున్నాడు పాపం, తనవల్ల ఏం మునగబోతోందో తెలియక.

కోటిరత్నం గొంతు సవరించుకుంది. "ఎలీసమ్మ గారూ, తమరు పత్తి కొంచెం అధికముగా వేయుచున్నారు."

ఎలీసమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎలీసమ్మ గారెవరా అని. ఈలోపు యంత్రం గొంతుదాకా తిని ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. దాన్ని కక్కించేసరికి తాతలు దిగొచ్చారు. మళ్ళీ తిప్పారు.

"నాయనా బుల్లయ్యా, కొంచెం..." అంది కోటిరత్నం. నాయనా అనడమే ఆలస్యం, బుల్లయ్య మీట లాగేశాడు. మిల్లంతా నిశ్శబ్దం.

"ఎవరికేమైందమ్మా?" అన్నాడు వణుకుతూ.

"ఎవరికీ ఏమీ కాలేదు నాయనా..."

తిప్పబోతున్న మీట మళ్ళీ లాగాడు బుల్లయ్య. ఆవిడ "అమ్మా" అంటే ఆపాడు. "దయచేసి" అంటే ఆపాడు. ఆవిడ మర్యాదకి తట్టుకోలేక మోటారు పొగలు కక్కింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఆ పూట నోరు మంచిదై మిల్లు మంచాన పడింది. బేళ్ళు కట్టాల్సినవాళ్ళు బేలగా నిలబడ్డారు. వాకిట్లో లారీతో వచ్చిన వెంకటనారాయణ, "సాయంత్రానికి సరుకు ఇస్తారా, ఎదురు మిల్లుకి పొమ్మంటారా?" అని గేటు దగ్గర్నుంచే కేక పెట్టాడు.

యలమందయ్య గారు బుల్లయ్య మీదికి ఉరికారు. "ఇవాళంతా మంచిమాటలే ఉంటాయిరా! అవి రేడియోకి, నీక్కాదు. ఆవిడెంత మంచిమాటన్నా మీట ముట్టుకోకు!"

"బంగారం మాటన్నా కూడానాండీ?"

"వజ్రమన్నా సరే!"

బుల్లయ్య చేతులు కట్టుకున్నాడు. మోటారు ఆగకుండా తిరిగింది. త్యాగరాజు మాత్రం నీరసంగా క్యాసెట్టు వైపు చూస్తున్నాడు. పెళ్ళి శుభలేఖల్లాంటి మాటలు తప్ప అందులో ఏమీ లేవు. పట్టా కోసం వచ్చినవాడికి పట్టుకోడానికి ఒక్క ముక్క దొరకలేదు. చెప్పేద్దామా అని నోరు తెరవబోయాడు. ప్రొఫెసరు గారి బల్లి గుర్తొచ్చి మూసుకున్నాడు.

అప్పుడొచ్చారు యలమందయ్య గారు, జరీ కండువా మెడచుట్టూ తిప్పుకుని, సన్మానానికి వెళుతున్నట్టు. వెనకాల యంత్రం చప్పుడు వినిపిస్తే రేడియోలో నిండుగా ఉంటుందని, సరిగ్గా మోటారు పట్టా తిరిగేచోటికి వెళ్ళి నిలబడ్డారు. త్యాగరాజు కోరుకునే కాలేజీ పట్టా కాదది, తోలుపట్టా. దగ్గరికొచ్చిన దేన్నీ వదలదు.

"శ్రోతలారా! ఈ మిల్లునందు మేము..." అని చెయ్యి ఊపారు. కండువా చెంగు గాలికి లేచి పట్టాలో పడింది. పట్టా దాన్ని మెల్లిగా లాక్కోవడం మొదలుపెట్టింది. త్యాగరాజుకి పట్టా దొరకలేదు గానీ, పట్టాకి యలమందయ్య గారు దొరికారు.

"ఈ మిల్లునందు... నందు... నం..."

"ఆనందంతో గొంతు పూడుకుపోయింది!" అని గురునాథం చప్పట్లు కొట్టాడు. అతన్ని చూసి అందరూ కొట్టారు. యలమందయ్య గారు రెండు చేతులూ గాల్లో ఆడించారు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

కండువా సంగతి మొదట చూసింది కోటిరత్నం. "బుల్లయ్య గారూ! నీ ఇల్లు బంగారం గానూ!"

బుల్లయ్య పళ్ళికిలించి నమస్కారం పెట్టాడు. "మీ ఇల్లు కూడానమ్మా!"

"కాదయ్యా! నీ ఇల్లు బంగారం గానూ!"

"అందరిళ్ళూ బంగారం గావాలమ్మా!" అన్నాడు బుల్లయ్య మైకు వైపు తిరిగి, తన గొంతు కూడా పడనీ అని.

కోటిరత్నం అసలైన మాట కోసం నోరు తెరిచింది. నాలుక చివర దాకా వచ్చింది. అక్కడ హైస్కూలు ఫీజు చీటీ పట్టుకుని ఇద్దరాడపిల్లలు నిలబడి ఉన్నారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, ఒక్క రెప్పపాటు.

ఆ రెప్పపాటులో బల్లి పలికింది.

"ఒరేయ్ బుల్లయ్యా! చచ్చు సన్నాసీ! నీ చేతులు విరిగి పొయ్యిలో పడ! నీ కళ్ళు కాకులెత్తుకుపోనూ! ఆపరా మోటారు!"

ఆ గొంతు కప్పు రేకులకి తగిలి తిరిగొచ్చింది. నిజమైన మాట విని చాలాసేపైన బుల్లయ్య కళ్ళు మూసుకుని మీట లాగేశాడు. పట్టా ఆగింది. కోటిరత్నం ఒక్క గెంతులో వెళ్ళి కండువా చించి యజమానిని ఇవతలికి లాగింది. ఆయన సగం కండువాతో కిందకూర్చుని, గాలి పీల్చుకుని, మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది:

"ఎవరే ఆ తిట్టింది?"

అందరూ కోటిరత్నం వైపు చూశారు.

"నేను కాదండీ, నా పిల్లల మీదొట్టు!" అంది ఆవిడ కన్నీళ్ళతో.

మూలనుంచి మైకు పట్టుకున్న చెయ్యి ఒకటి భయం భయంగా లేచింది. "నేనండీ."

మిల్లు మొత్తం నోరెళ్ళబెట్టింది. ఇక దాచి లాభం లేదని త్యాగరాజు అందరి మధ్యకీ వచ్చి చెప్పుకున్నాడు. "నేను రేడియో మనిషిని కాదు, సెర్చి మనిషిని అసలే కాదు. ఆమధ్య బస్సు చెడిపోయి మీ ఎదురు టీ బంకులో కూర్చున్నాను. గోడ అవతల్నుంచి ఈవిడ గొంతు వినపడింది. 'పెళ్ళివారికి వడ్డిస్తున్నావా' అంటే యంత్రం చప్పుడు మారేది. 'బంగారం' అంటే ఆగిపోయేది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఈవిడ ఒక్క మాట వృథాగా అనరు. అర్థంకాలేదని ఒక్కరూ తిరిగి అడగరు. మా కాలేజీలో మేము సర్క్యులరు మీద సర్క్యులరు పంపినా కుర్చీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరగదు. నేను వచ్చిందే ఈ మాటలు వినడానికి. మీరేమో పొద్దున్నుంచీ వాటిని దాచిపెట్టారు."



"నా తిట్లకి కాలేజీ చదువుందా?" అంది కోటిరత్నం.

"తిట్లు కాదండీ అవి. మీరంటే పని జరిగింది, అనకపోతే ఆగింది. మాటంటే అదే కదా."

కోటిరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతన్ని ఎగాదిగా చూసింది. "మీరు తిట్టిందీ బానే ఉంది బాబూ. కాకుల దగ్గర గొంతు కొంచెం జారింది. కాకులు రాయి వచ్చినప్పుడు లెండి, మోటారుకి కాదు. మొదటిసారి గదా, వస్తది."

యలమందయ్య గారు సగం కండువా దులుపుకుని లేచారు. "అయితే రేడియోలో రాదా?"

"రాదండీ."

ఆయన ఆ దుఃఖం దిగమింగి, గేటు దగ్గర లారీని చూసి, మిల్లంతటికీ వినపడేలా చెప్పారు. "కోటిరత్నం! ఇవాళ్టినుంచి నీ నోటెంట ఒక్క మంచిమాట వినపడిందా, రేపట్నుంచి మిల్లుకి రానక్కర్లేదు! ఇది నా చివరి మాట!"

"ఏమేవ్ ఎలీసమ్మా!" అని మొదలుపెట్టింది కోటిరత్నం. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు మిల్లంతా ఒక్కసారి కదిలింది. పొద్దుగూకకముందే వెంకటనారాయణ లారీ నిండింది.

ఆ మొదటి క్యాసెట్టు ప్రొఫెసరు గారు ఓపిగ్గా విన్నారు. పొడుగునా గారూ గారూ అంటూ గారెలు వేయించినట్టుంటే ఆవులించారు. చివర్లో ఒక్క కేక వినపడేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదీ అసలైన మాట! ఇది పుస్తకాలు చదువుకున్నవాడి నోట పుడుతుందటయ్యా? ఎవరీ మహానుభావుడు?"

"పేరు బయటపెట్టనని ఆయనకి మాటిచ్చానండీ" అన్నాడు త్యాగరాజు.