సారుకు ఎడమ పక్క

ఆ ఆదివారం పొద్దున మునుస్వామి పెట్టుకున్న పని ఒక్కటే. పేకాటలో ఓడిపోవాలి.

ఆంధ్ర రాష్ట్రం విడిపోతోంది. అరవ పక్కన మిగిలిపోయే వేలూరు ఆఫీసులో తెలుగు మాట్లాడే గుమాస్తాలను చిత్తూరికి పంపేస్తారని పుకారు. మునుస్వామీ అక్కడ గుమాస్తానే; ఊరు మాత్రం తరతరాలుగా వేలూరు దగ్గరి గుడియాత్తం. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, చదివిందంతా అరవం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. చిత్తూరికి పోతే కాగితాలన్నీ తెలుగులో రాయాలేమోనని భయం. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చెప్పేది మేనేజరు పెరియస్వామి. ఆయనకు రమ్మీ అంటే ప్రాణం, గెలవడం మాత్రం చేతకాదు. ఇవాళ ఆయన గుడియాత్తంలో లుంగీల వ్యాపారి నాగప్ప ఇంటికి ఆటకు వస్తున్నాడు.

"నువ్వు పారేసే ముక్క ఆయన చేతికి పోవాల మామా. యాడ కూసునేది చూసుకో" అంది భార్య ధనమ్మ.

"నాకు తెల్దా? మన ఊర్లో ఆట కుడిపక్కకి తిరుగుతాది. సారుకు ఎడమ పక్క కూసుంటే సరి."

అనుకున్నట్టే చాప మీద సారుకు ఎడమ పక్కన చతికిలబడ్డాడు. నాగప్ప కుడి పక్కన కూర్చున్నాడు. పెరియస్వామి పేక కలుపుతూ, "మా వేలూర్లో ఎడమపక్కకే ఆడేది" అన్నాడు.

మునుస్వామి లెక్క తలకిందులైంది. ఇప్పుడు సారు పారేసే ముక్కలన్నీ తనకే వస్తాయి. భయపడి వాటిని ముట్టుకోకుండా పేకలోంచి తీశాడు. జోకర్ వచ్చింది. మళ్ళీ తీశాడు. ఇంకో జోకర్. తన చేతిలో ఆట కుదిరిపోయినా షో చెప్పకుండా ముక్కలు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

సారు తొంగి చూశాడు. "ఆటను చేతిలో పెట్టుకోని షో చెప్పవేమప్పా? నామీద జాలా?"

చెప్పక తప్పలేదు. రెండో ఆటా అంతే. సారు ముఖం మిరపపండైంది.

"నాగప్పా, నువ్విట్లా రా, నేనట్లా కూసుంటా" అన్నాడు మునుస్వామి.

"గెలిచినోడు చోటు మారేది యాడైనా ఉండాదా? ఓడినోళ్ళు గదా మారేది!" అన్నాడు నాగప్ప. మునుస్వామి పారేసే మంచి ముక్కలు తన చేతికి వస్తుంటే కదలడం అతనికి ఇష్టం లేదు.

"ఏం, నా పక్కన కూసునేదానికి కష్టంగా ఉండాదా?" అన్నాడు సారు.

"లేద్సార్! వీపుకు ఎండ తగల్తాండాది."

నడిమింట్లో ఎండ ఎక్కడిదా అని ఇద్దరూ పైకప్పు వైపు చూశారు. మునుస్వామి నాగప్ప తొడ గట్టిగా గిల్లాడు. నాగప్ప కెవ్వుమని లేచేసరికి అతని చోట్లోకి జరిగి కూర్చున్నాడు.

చోటు మారాక మునుస్వామి వెనుదీయలేదు. ఇస్పేటు రాణి, ఆఠీను రాజు, చివరికి జోకర్ కూడా సారు ముందు వేశాడు. సారు తీసిందే తీయడం, గెలిచిందే గెలవడం. భోజనం వేళకు ఆయన ముఖం వెలిగిపోతోంది. మునుస్వామికి ప్రాణం లేచొచ్చింది.

సారు లేస్తూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నేండ్లలో ఇట్లా గెలిచింది లేదప్పా. నువ్వు పక్కనుంటే నాకు అదృష్టం."

"మీ దయ సార్. నన్ను ఈడనే ఉంచితే..."

"నిన్ను వదిలేసి పోతానా? నాకే చిత్తూరికి ఆర్డరు వచ్చినాది. కూడా ఒకణ్ణి తీసుకోని పోవచ్చన్నారు. ఎవురా అని యోచిస్తా ఉన్నా. ఇంక యోచన లేదు!"

నాగప్ప చప్పట్లు కొట్టాడు.

సోమవారం పొద్దున ఆఫీసుకు పోతూ మునుస్వామి బజార్లో ఒక పలక, నాలుగు బలపాలు కొన్నాడు.