ఇంటిల్లిపాదీ తోముకున్నాక

మొగల్తూరు దగ్గర మా ఊళ్ళో, అచ్చిబాబు గారి ఇంట దంత పరిపాలన అమల్లోకి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అచ్చిబాబు గారు మా ఊరి పెద్ద రైతు, మాకు పక్కింటివారు. కిందటి వేసవిలో కాజా కొరుకుతుండగా ఆయన దవడపన్ను విరిగింది. నరసాపురంలో పంటి డాక్టరు ఉషారాణి గారు దాన్ని బాగుచేసి, ఇంట్లో రోజూ ఏం చేయాలో ఓపిగ్గా చెప్పి పంపారు. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తోముకోవాలి. పేస్టు బఠాణీ గింజంత చాలు. గట్టిగా రుద్దకూడదు. నాలుక గీసుకోవాలి. రాత్రి తోముకున్నాక మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదు.

అచ్చిబాబు గారు ఇంటికొచ్చి, భార్య రత్నమాణిక్యం గారిని, కొడుకు గణేష్‌బాబుని హాల్లో సమావేశపరిచి ఈ సలహాలను చట్టం చేశారు. నన్ను సాక్షిగా పిలిచారు. నావైపు తిరిగి, "నోరంటే ఇంటి గుమ్మం లాంటిదండి. గుమ్మం కడుక్కోనివాడు పెద్దమనిషి ఎలా అవుతాడండి?" అని ఉపన్యసించారు. మా గుమ్మాలు ఎవరు కడుగుతున్నారన్న విషయం ఆ సభలో చర్చకు రాలేదు.

ఉదయపు కార్యక్రమం మొదటినుంచీ దిగ్విజయమే. ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని కాలవగట్టు మీదికి వస్తారు. మేమూ మా బ్రష్షులతో అక్కడే ఉంటాం. డాక్టరు గారు రెండు నిమిషాలు చాలన్నారు గానీ, రొయ్యల రేటూ రాష్ట్ర భవిష్యత్తూ రెండు నిమిషాల్లో తేలేవి కావు. నురగ నోటితో ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థం కాదు కనక అభిప్రాయభేదాలు కూడా రావు. ఆయన ఇల్లు చేరేసరికి ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు చెంబుతో పట్టుకుని రత్నమాణిక్యం గారు సిద్ధంగా ఉంటారు.

రాత్రి అమలు కొంచెం క్లిష్టమైంది. గోదావరి జిల్లాల మర్యాద మీకు తెలియనిది కాదు. పడుకోబోయే ముందు ఎవరైనా వస్తే పూతరేకు పెట్టకుండా పంపలేం. వచ్చినవాడు ఒక్కడే తింటుంటే చూస్తూ కూర్చోలేం. అందుచేత అచ్చిబాబు గారు మళ్ళీ తిని, మళ్ళీ తోముకుంటారు. మళ్ళీ గోరువెచ్చని నీళ్ళు వస్తాయి. ఇంతటి క్రమశిక్షణ నేను ఇంకెక్కడా చూడలేదు.

అరిగిన బ్రష్షులను సకాలంలో మార్చారు. ఆ ఇంట్లో ఏదీ వృథా కాదు. గణేష్‌బాబు పాత బ్రష్షు బైకు చెయిను తోమడానికి, అచ్చిబాబు గారిది దువ్వెనలు తోమడానికి పదవీ బదిలీ పొందాయి. సింకు మీద గ్లాసులో కొత్తవి రెండు తళతళలాడేవి. ఇంట్లో ఉండేది ముగ్గురు కదా అన్న సందేహం చూసినవాళ్ళెవరికీ రాలేదు.

ఇంతలో రత్నమాణిక్యం గారి బుగ్గ నిండుగా అయింది, అదీ ఒక్కవైపే. ఆవిడ ఒళ్ళు చేశారనీ, ఆ ఇంటి తిండి అలాంటిదనీ కాలవగట్టు మీద మెచ్చుకున్నాం. ఆవిడ ఆ దవడ కింద లవంగం పెట్టుకుని వంట చేస్తూనే ఉన్నారు. సంగతి బయటపడింది ఇంట్లో పులస చేప వండిన రోజున. బంధువులు విస్తళ్ళ ముందు కూర్చున్నాక పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందని తేలింది. పులస విషయంలో మా జిల్లాలో క్షమాభిక్ష లేదు. విచారణ జరిపితే, పంటి నొప్పితో ఆవిడకి ఎన్నాళ్ళుగానో నిద్రే లేదని తెలిసింది. నేరం ఇంత తీవ్రమైంది కాబట్టి మర్నాడే కారు తీశారు. నేనూ తోడు వెళ్ళాను.

"నోరు తెరవండమ్మా" అన్నారు ఉషారాణి గారు.

అచ్చిబాబు గారు సగర్వంగా అడ్డం వచ్చారు. "మా ఆవిడ నోట్లో నాలుక లేని మనిషండి. పెళ్ళయ్యాక ఇంతవరకూ నోరు తెరిచింది లేదండి."

నాలుక ఉన్నట్టు డాక్టరు గారు లైటు వేసి నిర్ధారించారు. దాని పక్కన పన్ను మాత్రం వేరుదాకా పుచ్చిపోయింది. ముందే వస్తే నిలిచేదట, ఇప్పుడు తీసేయడమేనట. రోజూ ఎప్పుడు తోముకుంటారని అడిగితే, పొద్దునా రాత్రీ అని అచ్చిబాబు గారే జవాబిచ్చారు. మీరు చూశారా అంటే ఆయన నావైపు చూశారు. నేను గోడ మీది పళ్ళ బొమ్మవైపు చూశాను.

అప్పుడు రత్నమాణిక్యం గారు నోరు తెరిచారు.

"రాత్రి తోముకున్నాక ఏమీ తినకూడదన్నారంట కదండీ. ఇంట్లో అందరూ తిని, తోముకున్నాకే నేను కంచం పెట్టుకుంటానండి. అందరి గిన్నెలూ తోమేసరికి కళ్ళు మూతలు పడిపోతాయండి. పొద్దున లేవడమే వీళ్ళ వేణ్ణీళ్ళ కోసం లేస్తానండి. మరి నేనెప్పుడు తోముకోవాలో మీరే చెప్పండి."

డాక్టరు గారు పన్ను తీసి, దూది పెట్టి, కాసేపు నోరు తెరవొద్దన్నారు. డాక్టరు గారు ఇచ్చిన సలహాలన్నిటిలోనూ ఇదే ఆచరణకు అనువైనదని అచ్చిబాబు గారు దారి పొడవునా మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక ఉదారంగా చట్టాన్ని సవరించారు కూడా. ఇకమీదట రత్నమాణిక్యం గారు కూడా రాత్రి తోముకోవచ్చు. అందుకు కావలసిన వేణ్ణీళ్ళు ఆవిడే పెట్టుకోవచ్చు. మర్నాడు కాలవగట్టు మీద మేమంతా ఆ సవరణకు నురగతోనే హర్షం ప్రకటించాం.

ఇంటికొచ్చి మా ఆవిడ సంపూర్ణమ్మకి ఈ ముచ్చటంతా చెప్పాను. ఎప్పటిలాగే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్నేళ్ళూ అది సిగ్గనుకున్నాను. ఒకసారి కొంగు తియ్యమన్నాను. తియ్యలేదు.

మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ అలాగే నవ్వుతారు. మీ ఊళ్ళోనూ అంతేనట. దాన్ని మనం మర్యాద అంటాం.