గౌరయ్య కోష్ఠ విజయము

ఇరువదియొకటవ శతాబ్దపు తొలినాళ్ళలో, మేడ్చల్ శామీర్‌పేట సీమల యందు జొన్నచేలు తలలు వంచి హద్దురాళ్ళకు చోటిచ్చుచున్న కాలమున, ఎకరము ధర గరుత్మంతునివలె గగనమునకెగసి మరల దిగుట మరచిన ఆ శుభవత్సరమున, ప్లాటువిక్రయధురంధరుడు, ధవళవస్త్రవిరాజితుడు, పంచాయితీకేసరి యగు గౌరయ్య పటేలు ఘోరయుద్ధమొకటి చేసెను. శత్రువు పొరుగూరివాడు కాడు. ఆయన కడుపులోనే తలుపులు బిగించుకొని కూర్చుండెను. వైద్యులు వానిని మలబద్ధకమందురు.

భూములమ్మక పూర్వము గౌరయ్య జొన్నరొట్టె, తోటకూర, పెసళ్ళు తిని, కోడికూతతోనే కార్యము ముగించుకొని వచ్చెడివాడు. ధనలక్ష్మి వరించిన పిదప జొన్నరొట్టె ఆయనకు నామోషీగా తోచెను. మల్లెమొగ్గలవంటి సన్నబియ్యపన్నము, మటను, బేకరీ బిస్కట్లు, గడియకొక చాయ, ఇవియే వైభవచిహ్నములాయెను. నాటినుండి ప్రతి ప్రభాతసమరమునను ఆ వీరునకు పరాజయమే.

పరాజయము ఆయనతో ఆగిన బాగుండును. కడుపు బిగిసిననాడు తీర్పును బిగిసెడిది. భిక్షం, సిద్దిరాములు అను అన్నదమ్ములు ఉమ్మడి బోరునీటికై తగవుపడి ఆయన ముంగిట నిలువగా, గౌరయ్య పొట్ట పట్టుకొని సింహగర్జన చేసెను.

"బోరు పూడ్సుండ్రి! ఇద్దరికీ వద్దు!"

అన్నదమ్ములు కొయ్యబారిరి. వారి మడులు అప్పటికే నెర్రెలు విచ్చియుండెను. ధర్మపత్ని రుక్కమ్మ పరుగున వచ్చి, "ఆదివారం మల్ల రాండ్రి బిడ్డా, పటేలుకు పానం మంచిగ లేదు" అని వారిని పంపెను. భిక్షం వెనుదిరిగి చూచిన చూపు గౌరయ్య గుండెలో ముల్లువలె నాటుకొనెను. తాను తప్పు పలికితినని ఆయనకు తెలియును. కాని ఉబ్బిన పొట్టతో ధర్మమునెట్లు తూచుట?

నగరమున సూక్ష్మజీవిశాస్త్రము చదువుచున్న కూతురు అశ్రితను రుక్కమ్మ హుటాహుటి పిలిపించెను.

"నాయినా, నీ పెద్దపేగుల కోట్లకు కోట్లు సూక్ష్మజీవులున్నయ్" అని అశ్రిత మొదలిడెను. "మనకు అరగని పీచే వాటికి బువ్వ. నువ్వు తినేదాంట్ల పీచేడున్నది? అవి ఉపాసముంటున్నయ్."

గౌరయ్య కనుబొమలు ధనుస్సులవలె వంగెను. "ఏందీ? నా కడుపుల గంతమంది కిరాయిదార్లా? కిరాయి ఇయ్యనోళ్ళకు నేను బువ్వ గూడ వెట్టాల్నా?"

"ఇస్తయి నాయినా. పీచును పులియవెట్టి పేగుకు సత్తువ ఇస్తయి. గదే కిరాయి."

అంతట ఆమె జొన్నరవ్వతో వండి తవుడు కలిపిన గట్కపై చక్కెర లేని కోకోపొడి చల్లి ఎదుటనుంచెను. కోకో యనగా చాక్లెటే గదాయని మురిసి, గౌరయ్య పెద్దముద్ద నోటబెట్టి, మరుక్షణమే ముఖము ముడుచుకొనెను.

"థూ! యాపాకు నూరినవానే?"

"తీపి చక్కెరది నాయినా, కోకోది గాదు. దీంట్ల పీచున్నది. దీని వగరు పదార్థం గూడ పైన అంతగ అరగదు, పెద్దపేగుదాంక వోతది. ఆడ వాటికి పండుగే."

"మరి తవుడు? గది బర్రెల కుడితిల ఏస్తం గద!"

"అందుకే బర్రెలకు గీ పరేషాన్ లేదు" అనెను రుక్కమ్మ.

అభిమానధనుడగు గౌరయ్య కనులు మూసి మ్రింగెను, పూటపూటకు మ్రింగెను. చిరక్షుధాపీడితమైన ఆ సూక్ష్మజీవిసేన ఆహారగంధమునకు మేల్కాంచి, ఉదరకుహరమున భేరీమృదంగములు మ్రోయించి, అధోమార్గమున శంఖములూదినది గాని, కోటద్వారము మాత్రము తెరచుకొనదాయెను. పైపెచ్చు పొట్ట రాతిబండయాయెను. శనివారము సాయంకాలము ఆ వీరుడు గిన్నెను త్రోసివేసెను.

"గీ సదువులు నన్ను సంపుతున్నయ్! రేపు ఆ అన్నదమ్ములొస్తరు, ఏ ముఖం వెట్టుకొని కూసుందు?"

అది విని రుక్కమ్మ నవ్వు మాని దగ్గరకు వచ్చెను. "నీళ్ళు తాగుతున్నవా?"

"చాయ తాగుతున్న."

అశ్రిత నెత్తి కొట్టుకొనెను. "అయ్యో, నేను జెప్పుడే మర్సిన! పీచుకు నీళ్ళు గావాలె నాయినా. లేకుంటే ఎండిన మట్టిపెళ్ళ లెక్క గట్టివడ్తది!"

అంతట గౌరయ్య చెంబు వెంట చెంబెత్తెను. భార్య తోడురాగా ప్లాటుల నడుమ మట్టిబాట వెంబడి, చీకటిపడువరకు, చాలాకాలమునకు నడచెను.

ఆదివారము తెల్లవారెను. అన్నదమ్ములు వచ్చి అరుగు చెరొక కొసను ముఖములు త్రిప్పుకొని కూర్చుండిరి. లోపల, గొళ్ళెము బిగించిన రణరంగమున, స్వేదబిందువులు ముత్యములవలె జాలువార, పిడికిళ్ళు బిగియ, పితరులను స్మరించి, ఇలవేల్పునకు మ్రొక్కి, ఊపిరి బిగబట్టి గౌరయ్య కడపటి దాడి సలిపెను. పిదప బకెట్టు నీళ్ళు కుమ్మరించిన చప్పుడు వినవచ్చెను. తలుపు తెరచుకొనెను.

"అయింది" అనెను గౌరయ్య.

రుక్కమ్మ కొంగు నోటికడ్డుపెట్టుకొనెను. అశ్రిత చప్పట్లు చరచెను.

ఆయన మబ్బు విడిన మొగముతో అరుగుపై కూర్చుండి, మొదట తనవైపు చూడని భిక్షం భుజముపై చేయివైచెను. "మొన్న నేనన్నది తప్పు, బిడ్డా. పొద్దుగాల నీ మడికి పారనియ్యి, పొద్దుమీకి సిద్దిరాములుకు. మోటరు కర్సు చెరి సగం. ఇగ లేవుండ్రి, పొలం ఎండుతాంది."

అన్నదమ్ములు కలిసియే లేచిరి.

ఇట్లు జయము కలిగెను. రాజ్యమేదియు కూలలేదు, సింహాసనమేదియు కదలలేదు. శామీర్‌పేట దాపున ఒకానొక పెద్దమనిషికి కడుపు తేలికపడెను. మధ్యాహ్నమునకెల్ల నెర్రెలు విచ్చిన మడిలో నీరు పారెను.