పది పాటల నోటిఫికేషన్

సోమవారం ఉదయం రాఘవేందర్ అనుకున్నది ఒక్కటే. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా, ఏ కాగితం మీదా అవసరం లేని సంతకం పెట్టకుండా ఐదు రోజులు గడిపేయాలి. శుక్రవారం, ఆగస్టు ముప్పై ఒకటి, సాయంత్రం ఐదింటికి ఆయన సూపరింటెండెంటుగా రిటైరవుతాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఆఫీసులో ఆయనంటే ఇష్టపడేవాళ్లు కూడా లేరు గానీ, దానికి రిజిస్టరు ఉండదు. మెమో పడితే మాత్రం పెన్షన్ ఫైలు ఆగుతుంది. ఆగిన ఫైలు ఎన్నేళ్లు ఆగుతుందో ఆయనకు తెలుసు. కొన్నిటిని ఆయనే ఆపాడు.

ఆరు నలభైకి, టీ గ్లాసు నోటిదాకా పోకముందే, ఫోన్ మోగింది.

"సార్, హాల్ టికెట్లు ఎప్పుడిస్తరు సార్?"

"రాంగ్ నంబర్."

"రాఘవేందర్ సారే కదా?"

"అవును."

"మరి రాంగ్ నంబర్ ఎట్లయితది సార్?"

పెట్టేశాడు. ఎనిమిదింటికల్లా అలాంటివి పంతొమ్మిది వచ్చాయి. ఇరవయ్యోది మోగుతుండగా లోపలి గదిలోంచి కొడుకు అఖిల్ లుంగీ సర్దుకుంటూ ఉరికి వచ్చాడు.

"నాయినా! రెండు వందల పన్నెండు!"

అఖిల్ ఇంజనీరింగ్ చదివి గిటార్ వాయిస్తున్నాడు. చిక్కడపల్లిలోని ఆ కిరాయి ఇంట్లో కిటికీలకు బొంతలు కట్టి, పది పాటలు రాసి, తానే పాడి, తానే రికార్డు చేసుకున్నాడు. వెనక కంపెనీ లేని పాటగాళ్లు తమ పాటలు తామే అమ్ముకునే వెబ్‌సైటు ఒకటుంటే దాంట్లో పెట్టాడు. పది రోజుల్లో ఏడు అమ్ముడుపోయాయి. ఆరు దోస్తులు కొన్నవి. ఏడోది, పని చేస్తున్నదో లేదో చూద్దామని అఖిలే కొనుక్కున్నది.

"రెండు దినాలల్ల రెండు వందల పన్నెండు మంది కొన్నరు నాయినా. నీ పోస్టర్ కమాల్ చేసింది!"

'నీ పోస్టర్' అన్న మాట దగ్గర రాఘవేందర్ చేతిలో రెండో టీ గ్లాసు ఆగింది.

పోయిన శుక్రవారం సాయంత్రం అఖిల్ గోడలకు అంటించడానికి ఒక పోస్టర్ రాసుకుని తండ్రికి చూపించాడు. 'గొంతులో దాగిన వాన. గదిలో పుట్టిన గాలి. వినండి.'

"ఏం అమ్ముతున్నవ్ రా? గొడుగులా?" అన్నాడు రాఘవేందర్. "ధర ఏది? ఎక్కడ కొనాలె? ఎప్పటిదాంక?"

పాటల మీద ఆయనకు ప్రేమేమీ లేదు. ఆ పది పాటల్లో ఒక్కటి కూడా వినలేదు. చెడ్డ డ్రాఫ్టు మాత్రం కళ్ల ముందు ఉంటే ఆయనకు అన్నం సయించదు. కలం తీసి పావుగంటలో రాసిచ్చాడు.

ఇప్పుడు ఆ కాగితం తెప్పించి చూసుకున్నాడు. 'ప్రకటన నం. 1/2012. విషయము: స్వతంత్ర సంగీతము, పది పాటలు, ఆన్‌లైన్ ద్వారా మాత్రమే. అర్హత: తెలుగు తెలిసినవారందరూ. వయోపరిమితి లేదు. రుసుము: రూ. 49. చివరి తేదీ: 29-08-2012, సాయంత్రం 5 గంటలు. గడువు దాటిన పిదప ఎట్టి పరిస్థితులలోనూ స్వీకరించబడవు.' కింద వెబ్‌సైటు పేరు, తన ఫోన్ నంబరు. దాని పక్కన, ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ, కె. రాఘవేందర్, సూపరింటెండెంట్. దాని మీద సంతకం.

"సంతకంతోటి ఎట్ల జిరాక్స్ తీయించినవ్ రా?"

"నువ్వే పెట్టినవ్ కదా నాయినా."

"నేను పెడత. అది నా చెయ్యి. నీకు కండ్లు లేవా? ఎక్కడ అంటించినవ్?"

"అశోక్ నగర్ల. కోచింగ్ సెంటర్ల పక్కకు. పిల్లలు మస్తుగుంటరు కదా అని."

రాఘవేందర్ కుర్చీలో కూర్చున్నాడు. అశోక్ నగర్‌లో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గదికి ఆరుగురు చొప్పున ఉండి సర్కారు కొలువుల కోసం చదువుతారు. కొందరు పిల్లలప్పుడు వచ్చి, ఇప్పుడు జుట్టు నెరిసి ఉన్నారు. ఎనిమిది నెలలుగా చెప్పుకోదగ్గ నోటిఫికేషన్ లేదు. చివరి తేదీ, రుసుము, సంతకం. ఈ మూడూ ఉన్న కాగితంలో మిగతాది ఎవరూ చదవరు. పైసలు కట్టి రసీదు తీసుకుంటారు.

సర్కారు హోదా పెట్టి జనం దగ్గర పైసలు తీసుకోవడాన్ని ఏమంటారో ఆయనకు రూలు నంబరుతో సహా తెలుసు. చెప్పులేసుకున్నాడు.

అశోక్ నగర్‌లో స్వర్ణ నెట్ సెంటర్ ముందు లైను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చింది. గోడకు స్కెచ్ పెన్నుతో రాసిన అట్ట: 'ఇచ్చట రాఘవేందర్ నోటిఫికేషన్ అప్లై చేయబడును.' మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఆ కొట్టు పెట్టుకున్న స్వర్ణ కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అంది, "లైన్ల రా సార్. ముందల పదిహేను మందున్నరు."

"ఏం పోస్టులమ్మా ఇవి?"

"గదంత తర్వాత చెప్తరు. ముందుగాల అప్లై చెయ్యాలె."

"పాటలని రాసున్నది కదా?"

"నేను చదవలే సార్. చివరి తేదీ చూసిన."

లైనులో ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. పేరు భాను. ఐదేళ్లుగా చదువుతున్నాడు. ఆ ఐదేళ్లూ ఆ చొక్కా మీద కనిపిస్తున్నాయి.

"సంగీతం టీచర్లంటున్నరు సార్. పైసలు కట్టంగనే పది పాటలు ఫోన్ల పడ్తయి. గవే సిలబస్. ఇంత సాఫ్‌గ ఎన్నడన్న ఇచ్చిండ్రా?"

"నీకు సంగీతం వస్తదా?"

"రావాల్నని అండ్ల రాయలే కద సార్." భాను గొంతు తగ్గించాడు. "మీ కొడుకు కోసమా?"

"అవును," అన్నాడు రాఘవేందర్. అబద్ధం కాదు గనక గట్టిగానే అన్నాడు. తర్వాత ఇంకా గట్టిగా, "చూడుండ్రి, ఇది ఉద్యోగం కాదు. ఒట్టి పాటలు. అనవసరంగ పైసలు పెట్టకుండ్రి."

లైనులో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"పోటీ తగ్గాల్నని చూస్తుండు," అంది వెనక నుంచి ఒక అమ్మాయి. "గింత పెద్దమనిషి, కొడుకు కోసం ఎంత పని చేస్తుండు చూడుండ్రి!"

ఇంటికి వచ్చేసరికి అఖిల్ మొహంలో కూడా రంగు పోయింది. వాడికీ ఫోన్లు మొదలయ్యాయి.

"సైటు బంద్ చేస్త నాయినా."

"చేస్తే పైసలు తీస్కొని పారిపోయిండ్రంటరు. సవరణ వేద్దాం."

"నేను రాస్త."

"నువ్వు రాస్తే వానంటవ్, గాలంటవ్. జరుగు."

ఆయనే రాశాడు. 'సూచిక: ప్రకటన నం. 1/2012. పై ప్రకటన ఏ విధమైన ఉద్యోగ నియామకమునకు సంబంధించినది కాదని ఇందుమూలముగా సవరించడమైనది.' ఈసారి హోదా రాయలేదు. సంతకం పెట్టబోయి, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఆపుకున్నాడు. మధ్యాహ్నానికి అశోక్ నగర్ గోడలన్నిటి మీదా పాత కాగితం పక్కన కొత్త కాగితం పడింది.

సాయంత్రానికి లెక్క ఆరు వందల నలభై.

"సవరణ కూడ పడ్డదంటే పక్కా గవర్నమెంటే అంటున్నరు నాయినా," అన్నాడు అఖిల్ తలుపుకు ఆనుకుని. "దొంగ నోటిఫికేషన్‌కు సవరణ ఎవడిస్తడు అని."

రాఘవేందర్ కలానికి మూత పెట్టాడు. లైనులో తానున్నా అదే అనుకునేవాడు.

మంగళవారం ఆఫీసుకు పోతూ చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలోంచి నడిచాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో వందమంది కూర్చుని ఉన్నారు. ఇద్దరికి ఒక ఇయర్‌ఫోను, ఒకరికి ఒక చెవి. లాంగ్ నోట్ బుక్కుల్లో పాటలు రాసుకుంటున్నారు. ఎవరి మొహంలోనూ పాట వింటున్న జాడ లేదు.

"సార్, కొడుకు కోసం సార్! జర ఇటు రాండ్రి!" భాను పిలిచాడు. పక్కనున్నవాడితో కొట్లాటలో ఉన్నాడు. "మూడో పాటల మాటలుండయ్. ఒట్టిగ ఊ ఊ అంటడు. వీడు పదకొండు సార్లంటడు. నేను పన్నెండంట. ఒక మార్కు గ్యారంటీగ అడుగుతరు. మీరు ఇని చెప్పుండ్రి."

వద్దనేలోపే చెవిలో పెట్టాడు. రాఘవేందర్ విన్నాడు. ఆ కూనిరాగం ఆయనకు తెలుసు. మూడేళ్ల కింద పోయిన భార్య కమల, చాటలో బియ్యం ఏరుతూ తీసేది. అది ఎప్పుడు మొదలయ్యేదో ఎప్పుడు ఆగేదో ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. అఖిల్ పట్టించుకున్నాడన్న మాట. చివరిదాకా విని ఇయర్‌ఫోను తీసి ఇచ్చాడు.

"పన్నెండు."

"చూసినవా రా!" అన్నాడు భాను.

పదకొండింటికి నారాయణగూడలోని ఆఫీసులో నళిని మేడం పిలిచింది. ఆయన పై అధికారి. ఆమె బల్ల మీద మూడు కాగితాలున్నాయి. ప్రకటన, సవరణ, వాటి పక్కన నూట నలభై సంతకాల వినతిపత్రం: గడువు పది రోజులు పెంచాలి.

"మీ ఆఫీసు ఎక్కడని అడుక్కుంట వచ్చి పొద్దున్నే ఇచ్చిపోయిండ్రు," అంది నళిని. "రాఘవేందర్ గారూ, 'ఎట్టి పరిస్థితులలోనూ' అని ఈ ఆఫీసుల ఒక్కరే రాస్తరు."

ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. చెబుతుంటే అది కట్టుకథలా ఉందని ఆయనకే అనిపించింది. తన ముందు ఎవరైనా నిలబడి ఇలా చెబితే తాను నమ్మి ఉండడు.

"మెమో ఇస్తే మీ పెన్షన్ ఆగుతది. ఇయ్యకపోతే రేపు నా మెడకు చుట్టుకుంటది," అంది ఆమె. "రేపు ఐదింటిదాంక టైం. అందరికీ నిజం చెప్పుండ్రి. పైసలు వాపస్ ఇయ్యుండ్రి. గడువు దాటేలోపల ఒక్క ఫిర్యాదు నా టేబుల్ మీదికి వచ్చిందా, మెమో రాస్త. ఏమనుకోవద్దు."

బుధవారం నాలుగింటికి, రాఘవేందర్ కబురు పెడితే, లైబ్రరీ పక్క సందులో ఆరు వందల మంది పోగయ్యారు. రాఘవేందర్ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాడు. పక్కన గిటార్‌తో అఖిల్.

"నేనే రాఘవేందర్," అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి.

"చప్పట్లు కొట్టకుండ్రి! వీడు నా కొడుకు. ఇవి వీని పాటలు. పోస్టులు లేవు, పరీక్ష లేదు. తప్పు నాది."

"ప్రూఫ్ ఏంది?" అన్నారు వెనక నుంచి.

అఖిల్ గిటార్ అందుకున్నాడు. మొదటి పాట రెండో లైనుకు వచ్చేసరికి ఆరు వందల గొంతులు కలిశాయి, ఎక్కాలు అప్పజెప్పినట్టు. రెండో పాట కూడా అంతే. మూడో పాటలో కూనిరాగం పన్నెండోసారికి అందరూ ఒక్కసారే ఆగారు. అఖిల్ గిటార్ మీద చెయ్యి ఆపి వాళ్ల వైపు చూశాడు. ఒక్క మాట పొల్లుపోకుండా తన పాటలు తెలిసిన మనుషులు ఇంతమంది ఉంటారని వాడు కలలో కూడా అనుకోలేదు. వాళ్లలో ఒక్కరికీ అవి నచ్చలేదని మొహాలు చూస్తేనే తెలుస్తున్నది.

పాడటం అయ్యాక రాఘవేందర్ పైసల సంచి తీశాడు. "రసీదు ఇచ్చినోళ్లకు ఇక్కడనే పైసలు వాపస్. రాండ్రి."

ఎవరూ కదలలేదు.

"రాండ్రి! ఐదు కావస్తున్నది!"

భాను తన రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులోకి తోశాడు. "రసీదిస్తే మా దగ్గర ఏముంటది సార్? రేపు నిజంగనే పోస్టులు పడితే?"

"పడవు. నేను చెప్తున్న కదా."

"మీరు ఎల్లుండి రిటైర్ అయితున్నరని మీ ఆఫీసుల చెప్పిండ్రు. మీ తర్వాత వచ్చేటాయన ఏమంటడో మీకేం ఎరుక?"

రాఘవేందర్ సంచి మూతి మూశాడు. ముప్పై నాలుగేళ్లు ఆయన చూసింది అదే.

నాలుగూ నలభైకి భాను చెయ్యి ఎత్తాడు. "ఫిర్యాదు ఉన్నది సార్."

రాఘవేందర్ కుర్చీ పట్టుకున్నాడు. "పైసలిస్త. డబుల్ ఇస్త."

"పైసలొద్దు. న్యాయం కావాలె," అన్నాడు భాను. అప్పటికే కాగితం మీద రాస్తున్నాడు. పదిమంది సంతకాలు పెట్టారు. కాగితం మడత పెట్టుకుని నారాయణగూడ వైపు ఉరికాడు. యాభై ఎనిమిదేళ్ల రాఘవేందర్, చెప్పు తెగితే వదిలేసి, వెనక ఉరికాడు. వీఎస్టీ చౌరస్తా దాకా భాను వీపు కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు.

మెట్లెక్కి గదిలోకి వెళ్లేసరికి నాలుగూ యాభై ఎనిమిది. భాను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కాగితం నళిని చేతిలో ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. గోడ గడియారం వైపు చూసింది. కలం టోపీ తీసింది.

"ఫిర్యాదు వచ్చింది రాఘవేందర్ గారూ."

ఆయన గోడకు ఆనుకున్నాడు.

"ఒకటో పాటల రెండో చరణం, ఫోన్ల పడ్డదాంట్ల నాలుగు లైన్లున్నయంట. ఇయ్యాల గాయకుడు మూడే పాడిండంట. అభ్యర్థులకు ఒక మార్కు కలపాలెనంట." ఆమె కాగితం మూలన రాసింది, 'ఈ కార్యాలయమునకు సంబంధించినది కాదు.' "మీ మీద కాదు. మీ కొడుకు మీద. ఆయన మన డిపార్ట్‌మెంట్ కాదు కదా?"

"కాదు మేడం."

కాగితం బుట్టలో పడింది. భాను దండం పెట్టి, ఫిర్యాదు ముట్టినట్టు ఒక రసీదు ఇప్పించమని అడిగి, అది తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు మూసుకునేదాకా నళిని ఆగింది.

"మా అక్క బిడ్డ కూడ అప్లై చేసింది," అంది మెల్లగా. "పరీక్ష నిజంగనే లేదా?"

శుక్రవారం రాఘవేందర్ శాలువా కప్పించుకుని, మెమో లేకుండా ఇంటికి వచ్చాడు. గడువు ముగిసేసరికి అమ్ముడుపోయినవి పంతొమ్మిది వందల నాలుగు. వాపసు వచ్చినవి సున్నా. తెలుగు స్వతంత్ర సంగీతానికి మంచి రోజులు వచ్చాయని వెబ్‌సైటు వాళ్లు అఖిల్‌కు ఉత్తరం రాశారు. వాడు దాన్ని ఫ్రేము కట్టించాడు.

డిసెంబరులో అఖిల్ మరో పది పాటలు పెట్టి, ప్రకటన రాసివ్వమని తండ్రిని అడిగాడు. ఆయన రిటైరయ్యానన్నాడు. అఖిల్ పోస్టర్ తనే రాసుకున్నాడు, ఏడు అమ్ముడుపోయాయి.