గిటారు కడుపులో దిద్దు

ఇంట్లో గిటారు ఒక్కటే ఉండాలన్నది ఆవిడ శాసనం. కళ్ళద్దాల దుకాణం నడిపే వాళ్ళాయన దాన్ని ఏనాడూ మీరలేదు. పాతదిచ్చి కొత్తది తెచ్చుకున్నా ఇంట్లో ఒకటే ఉంటుంది కదా అని మాత్రం ఈమధ్య తోచింది.

నెల రోజులు వాయిద్యాల షాపు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఒకటి మెల్లగా మీటితే తేనె, జోరుగా వాయిస్తే రేకుడబ్బా. ఇంకోటి జోరుకి తట్టుకుంటుంది గానీ మెల్లగా మీటితే నిద్రపోతుంది. చివరికి అన్నిటికీ పనికొచ్చేది దొరికింది. పైగా పాతదాని రంగే! పాతది షాపులో ఇచ్చేసి, కొత్తది పాత సంచిలో పెట్టుకుని, సాయంత్రం ఆవిడ లేని వేళ చూసి పిల్లిలా ఇంట్లో దూరాడు.

గిటారుని గోడకి ఆనించాడు. చప్పుడు లేదు. గుండె గుభేలుమంది.

పాతది కదిలిస్తే గలగలమనేది. ఏడేళ్ళ క్రితం ఆవిడ దుమ్ము దులుపుతుంటే, వాళ్ళమ్మ పెట్టిన చెవి దిద్దు ఊడి దాని కడుపులో పడింది. "నువ్వు ముట్టుకోకు, శ్రుతి చెడుతుంది. రేపు నేను తీస్తా" అంటూ ఏడేళ్ళు నెట్టుకొచ్చాడు.

వెంటనే షాపుకి ఫోన్ చేశాడు.

"పాతదా సార్? మధ్యాహ్నమే ఎవరో ఒకావిడ పట్టుకెళ్ళారు."

ఇక చేసేదేముంది? జేబులో ఉన్న, కళ్ళజోడుకి బిగించే బుల్లి మర ఒకటి లోపల వేసి ఊపి చూశాడు. చీమ దగ్గినట్టుంది. ఇంకో మర వేశాడు. చాల్లేదు. చొక్కా బొత్తాం తెంపి వేశాడు. కాస్త నయం. రెండోది కూడా తెంపుతుండగా ఆవిడ వచ్చేసింది.

"ఏమండీ, ఆ దిద్దు ఇవాళ తీసిపెట్టండి."

"రేపు తీస్తానే..."

"ఆ రేపు నాకు ఏడేళ్ళుగా తెలుసు" అంటూ ఆవిడే గిటారు బోర్లించి దులిపింది. రెండు మరలూ, బొత్తామూ నేలమీద పడ్డాయి.

"ఒక్క దిద్దు ఇన్ని పిల్లల్ని పెట్టిందా?"

"ఏడేళ్ళు చీకట్లో ఉంది కదే, రూపు మారిపోయుంటుంది."

"నా చెవిలో పువ్వు పెడదామనా? ఖాళీ ఏదండీ?" అంటూ జుట్టు పక్కకి తీసింది.

రెండు చెవులకీ దిద్దులున్నాయి. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి అవి ఇంతసేపూ కనిపించలేదు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది, దానితోపాటే సిగ్గూ వచ్చింది.

"షాపులో ఇంటి ఫోన్ నంబరే రాసిచ్చారుగా! గలగలమంటోందని వాళ్ళే పిలిచారు. మీరు రాకముందే పాతది వెనక్కి తెచ్చుకున్నా. మంచం కింద ఉంది."

"మరి ఇది?"

"రేపు పదింటికల్లా మీరే తిరిగిస్తారని చెప్పొచ్చా. ఈ రేపు మాత్రం రేపే."

"ఇది అన్నిటికీ పనికొస్తుందే..." అని గొణిగాడు.

"అన్నిటికీ పనికొచ్చేది పాతదేనండీ. పాట పాడింది, దిద్దు దాచింది, మొగుడి గుట్టు కూడా చెప్పింది!"

ఆయన నేలమీద కూర్చుని బొత్తాం వెతుక్కున్నాడు.