అటు స్విచ్చి, ఇటు ఫ్యాను

ఆ ఆదివారం ఉదయం ఎలక్ట్రీషియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి లేవాలి, టీ తాగాలి, తొమ్మిదింటికి చర్చికి వెళ్ళాలి, ఎవరి పక్షమూ కాకుండా ఒంటిగంటకల్లా ఇంటికి చేరాలి. లేవడం వరకు బాగానే జరిగింది. టీ దగ్గర చిక్కొచ్చింది.

"ఒరేయ్, టీలో చక్కెర వెయ్యలేదని మీ ఆవిడతో చెప్పు," అంది తల్లి. ఆ 'మీ ఆవిడ' రెండడుగుల దూరంలో పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.

"డాక్టరు వద్దన్నాడని అత్తయ్యతో చెప్పండి," అంది భార్య, గిన్నెతో చెబుతున్నట్టు.

అతను ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశాడు. నాలుగు నెలలుగా ఇంట్లో అతని ఉద్యోగం అదే. అంతకుముందు పదకొండేళ్ళు ఆ అత్తాకోడళ్ళు ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ, అతని మీద కలిసి ఫిర్యాదులు చేస్తూ హాయిగా బతికారు. ఇప్పుడు ఆ ఫిర్యాదులు కూడా విడివిడిగా వస్తున్నాయి. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్కసారి తెగిపోయే అదృష్టం ఉంది. అతనికి అదీ లేదు.

"ఇంకో మాట," అంది తల్లి. "చర్చిలో చేసినట్టే రేపు మనింట్లోనూ చేసెయ్. వెనక గదిలో నాకు వేరే బోర్డు, వేరే పొయ్యి. ఎవరి వంట వాళ్ళదే."

భార్య చేతిలో గరిటె గిన్నెలో కాస్త గట్టిగా తిరిగింది. అతనికి టీ చేదుగా అనిపించింది. చక్కెర లేకపోవడం వల్ల మాత్రం కాదు.

ఇంతకూ ఇదంతా ఒక గోడ గడియారం వల్ల వచ్చింది. చర్చి సంఘం పెట్టి యాభై ఏళ్ళయిందని ఎవరో దాన్ని కానుకగా ఇచ్చారు. ఎక్కడ తగిలించాలన్నది ప్రశ్న. సంఘ పెద్దల్లో ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. "పాఠం చెప్పేవాడికి టైము కనపడాలి. పాస్టరు గారి ఎదురుగా, తలుపు మీద పెట్టండి," అన్నారు. ఇంకో పెద్ద రిటైరైన రైలు గార్డు. "బండి ఎప్పుడు చేరుతుందో తెలియాల్సింది ప్రయాణికులకి. పాస్టరు గారి వెనక గోడకి పెట్టండి," అన్నారు. చిలికి చిలికి గాలివాన అయింది. గడియారం మీద మొదలైన మాట పైకప్పు ఎవరు వేయించారన్న దాకా, ఏ బెంచీ ఎవరి నాన్న ఇచ్చాడన్న దాకా పోయింది. ఎలక్ట్రీషియన్ తల్లి గార్డు గారి వైపు నిలబడింది, ఆమె భర్త బతికున్న రోజుల్లో ఆయన కిందే పనిచేశాడు కాబట్టి. భార్య హెడ్మాస్టరు గారి వైపు, ఆయన దగ్గర చదువుకుంది కాబట్టి.

చివరికి హాలు మధ్యన ప్లైవుడ్ గోడ కట్టి చెరిసగం చేసుకుందామన్నారు. తొమ్మిది గంటల ఆరాధనను వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు గనక రెండు సగాల్లోనూ తొమ్మిదింటికే ఆరాధన. పాస్టరు గారు ఒకే మాటన్నారు. "సగం సంఘానికి నేను పాస్టర్ని కాను. అతుక్కున్నాక పిలవండి." అని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

గోడ పని వడ్రంగిది, కరెంటు పని మన ఎలక్ట్రీషియన్‌ది. ఒక్కో సగానికి ఒక స్విచ్ బోర్డు, ఒక మైకు, ఒక సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయరు. ఆంప్లిఫయర్లు రెండూ వేదిక వెనక సామాన్ల గదిలో పెట్టాడు. గురువారం వేదిక మీద నిలబడి, బెంచీల వైపు చూస్తూ, బోర్డులకూ మైకులకూ 'ఎడమ', 'కుడి' అని చీటీలు అంటించాడు. శుక్రవారం తలుపు దగ్గర నిచ్చెనెక్కి, వేదిక వైపు చూస్తూ, ఫ్యాన్లకూ స్పీకర్లకూ 'ఎడమ', 'కుడి' అని అంటించాడు. శనివారం ఎడమను ఎడమకు, కుడిని కుడికి చక్కగా కలిపాడు. వేసి చూస్తే ఫ్యాన్లన్నీ తిరిగాయి. "హలో, హలో" అంటే వినపడింది. అప్పటికి గోడ లేదు. అది సాయంత్రం లేచింది.

ఆదివారం తొమ్మిదింటికి రెండు సగాలూ నిండాయి. గార్డు గారికి జలుబు. "ఆ ఫ్యాన్లు కాస్త ఆపమ్మా," అన్నారు. ఒకావిడ లేచి తమ బోర్డు మీదున్న స్విచ్చులన్నీ ఆపేసింది. ఫ్యాన్లు మాత్రం ఝామ్మని తిరుగుతూనే ఉన్నాయి. గోడకు అవతల హెడ్మాస్టరు గారి నెత్తి మీది ఫ్యాన్లు ఆగిపోయాయి.

"చూశారా? మన కరెంటు కోసేశారు!" అన్నారు హెడ్మాస్టరు గారు చెమట తుడుచుకుంటూ. "మళ్ళీ వేసి చూడు." ఒకతను తమ స్విచ్చులను టకటకా పైకీ కిందికీ నొక్కాడు. అవతల గార్డు గారి ఫ్యాన్లు ఆగాయి, తిరిగాయి, ఆగాయి, తిరిగాయి.

"మన ఫ్యాన్లతో ఆటలాడుతున్నారు," అన్నారు గార్డు గారు తుమ్ముతూ. "పోనివ్వండి. ప్రార్థన చేసుకుందాం."

ఇద్దరు పెద్దలూ ఒకేసారి మైకులు పట్టుకున్నారు. ఎవరి గొంతు వాళ్ళ వైపు వినపడలేదు. "సౌండు పెంచు!" అని ఇద్దరూ సామాన్ల గది కిటికీలోంచి కేకేశారు. లోపల కూర్చున్న ఎలక్ట్రీషియన్ రెండూ పెంచాడు. "ఇంకా!" అన్నారు. ఇంకా పెంచాడు. పాత ఆంప్లిఫయర్లు గరగరమంటూ అందుకున్నాయి. వాటిలోంచి ఎవరు మాట్లాడినా జలుబు చేసిన గార్డు గారి గొంతులాగే ఉంది.

"ప్రభువా, అవతలివాళ్ళ మొండితనం కరిగించు!" అన్నారు హెడ్మాస్టరు గారు. అది గార్డు గారి సగంలో మోగింది. తమ స్పీకర్లోంచి వచ్చింది కదా అని అక్కడివాళ్ళందరూ గట్టిగా "ఆమేన్" అన్నారు.

"అవతలివాళ్ళ గర్వం అణచు!" అన్నారు గార్డు గారు. హెడ్మాస్టరు గారి సగం అంతకంటే గట్టిగా "ఆమేన్" అంది. నాలుగు నెలలుగా ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు గానీ, సంఘం మొత్తం ఇంత ఐకమత్యంగా తమను తామే ఎప్పుడూ తిట్టుకోలేదు.

సామాన్ల గదిలో ఎలక్ట్రీషియన్‌కి అప్పుడు వెలిగింది. ఒకసారి చీటీలు చూశాడు. వేదిక వైపు తిరిగాడు, తలుపు వైపు తిరిగాడు. రెండు చేతులూ చాచి ఏది ఎడమో చూసుకున్నాడు. ఆంప్లిఫయర్లు రెండూ ఒకే ప్లగ్గు మీదున్నాయి. అది పీకేస్తే గొడవ అక్కడితో ఆగుతుంది. తర్వాత ఏదో సాకు చెప్పుకోవచ్చు. ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

అప్పుడే గార్డు గారు, "ఇప్పుడు సాక్ష్యాలు. దేవుడు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళు రండి," అన్నారు. మైకు దగ్గరికొచ్చింది అతని తల్లి.

"ప్రభువా, వందనాలు," అంది. "అవతలివాళ్ళకి వినపడదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. పోయిన నెల జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. నా కోడలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ గంటకోసారి వచ్చి నా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. నాకు మెలకువగానే ఉంది. కళ్ళు తెరిస్తే మాట్లాడాల్సొస్తుందని మూసుకుని పడుకున్నా. నేను ముందు మాట్లాడితే మా వైపు ఓడిపోయినట్టవుతుందని..." మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "కడుపున పుట్టిన కూతురున్నా అంత చెయ్యదు. ఆ మాట దానికి చెప్పడం నాకు చేత కావట్లేదు. నువ్వే చెప్పు ప్రభువా."

ప్రభువు ఆలస్యం చెయ్యలేదు. సౌండు పూర్తిగా పెంచిన స్పీకర్లోంచి, సరిగ్గా కోడలి నెత్తి మీదనుంచి, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

గరగరలో గొంతు ఎవరిదో తెలియకపోయినా తడిగుడ్డ ఎవరు మార్చారో కోడలికి తెలుసు. ఎలక్ట్రీషియన్ చెయ్యి ప్లగ్గు మీదే ఉంది. పీకడానికి మనసు రాలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ ఇద్దరి మధ్య ఒక మాట అతను మోయకుండానే చేరింది. అతను మెల్లగా చెయ్యి తీసేశాడు.

కోడలు లేచి తమ వైపు మైకు దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, మీకు మెలకువగా ఉందని నాకప్పుడే తెలుసు," అంది. "నిద్రపోయేవాళ్ళు గుడ్డ మారుస్తుంటే తల ఎత్తి ఇవ్వరు." గోడకు అవతల స్పీకరు ఆ మాటల్ని అత్తగారికి అప్పజెప్పింది. "నా కళ్ళద్దాల కాలు విరిగితే అతికించి పెట్టింది మీరేనని కూడా తెలుసు. ఆయన చేశారని నేననుకోవాలని చూశారు. ఆయనకంత శ్రద్ధ ఎక్కడిది?"

సామాన్ల గదిలో ఎలక్ట్రీషియన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చివరి మాట కూడా తియ్యగానే ఉంది.

ఇక ఆగలేదు. కోడలి చేతిలోంచి హెడ్మాస్టరు గారు మైకు అందుకున్నారు. "గార్డు గారూ, ముప్ఫై ఏళ్ళ కింద మా వాడు పరీక్షకి వెళ్ళే రోజు ఆలస్యమైతే మీరు బండి ఆపారు. మీ ఉద్యోగానికి ముప్పొస్తుందని ఎక్కడా చెప్పలేదు. మీకు కృతజ్ఞత కూడా చెప్పలేదు. చాలా థాంక్సండీ. మూడు నిమిషాలు ఆపారు."

అవతలినుంచి వెంటనే జవాబొచ్చింది. "నాలుగు." ఒక తుమ్ము. "ఇంకా ఆపేవాణ్ణి. మా అమ్మాయికి లెక్కలు రాకపోతే ఏడాదంతా మీ ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించారు కదా. నేనూ ఎప్పుడూ ఆ మాట అనలేదు."

వరండాలోంచి పాస్టరు గారు లేచి లోపలికొచ్చారు. ఏ సగంలోకి వెళ్ళాలో తెలియక గోడ అంచు దగ్గర నిలబడ్డారు. వడ్రంగి ఎవరూ చెప్పకుండానే స్క్రూడ్రైవరు తీశాడు. ముందురోజు సాయంత్రం నాలుగు గంటలు పట్టిన గోడ పావుగంటలో దిగిపోయింది. అత్తాకోడళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి అత్త కోడలి చెదిరిన జుట్టు సర్దింది.

ఎలక్ట్రీషియన్ చేతులు కట్టుకుని అందరి ముందూ ఒప్పుకున్నాడు. "తప్పు నాదే. ఎడమ, కుడి తారుమారు చేశాను. రేపొచ్చి సరిచేస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నారు హెడ్మాస్టరు గారు.

"మళ్ళీ కొట్లాడితే ఎవరు సర్దుతారు?" అన్నారు గార్డు గారు.

పాస్టరు గారు నవ్వి, కళ్ళు మూసుకుని, ఆ రోజు జరిగినదానికి వందనాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ ప్రార్థన చాలాసేపు సాగింది. గడియారం సామాన్ల గదిలో, అట్టపెట్టెలోనే ఆడుతోంది. ఎంతైందో ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ టీ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మాయ్, చక్కెర," అంది తల్లి.

"డాక్టరు వద్దన్నాడు అత్తయ్యా," అంది భార్య.

"డాక్టరుకేం తెలుసు?"

వార్త నేరుగా వెళ్ళి నేరుగా వచ్చింది. అతనికి పని లేదు. ఆ ఖాళీ అతనికి పండగలా ఉంది. "అమ్మా, వెనక గదిలో వైరింగు..." అన్నాడు జంకుతూ.

"ఏం వైరింగురా?" అంది తల్లి. "ముందు ఎడమేదో కుడేదో నేర్చుకో."

"అలా చెప్పండత్తయ్యా," అంది భార్య. ఇద్దరూ కలిసి అతని మీద ఫిర్యాదులు మొదలుపెట్టారు. అతను ఒక్కటీ వదలకుండా విన్నాడు. చక్కెర లేని టీ అంత తియ్యగా ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు.

చర్చిలో ఇప్పటికీ ఇటు కూర్చున్నవాళ్ళకి గాలి కావాలంటే అటు కూర్చున్నవాళ్ళని అడగాలి. కొత్తవాళ్ళెవరైనా బాగు చేస్తారేమోనని హెడ్మాస్టరు గారు రెండు బోర్డుల మీదా తన గుండ్రటి చేతిరాతతో ఒక చీటీ అంటించారు: "ఈ స్విచ్చులు తప్పు. దయచేసి ఎవరూ సరిచేయవద్దు."